40 సెన్సర్లు వద్దమ్మా, 11 చాలు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సత్రం బాధ్యత ట్రస్టువాళ్లు నీ చేతిలో పెట్టారని తెలిసి సంతోషించాను. సత్రం పగుళ్లు, చెమ్మ కనిపెట్టి ఉండడానికి కంపెనీవాళ్లు ఇచ్చారని నువ్వు పంపిన కొటేషన్ చదివాను. 40 సెన్సర్లు, హాల్లో పెద్ద తెర, ఫోన్లో యాప్, ఏటా చందా. ఏ సెన్సరు ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో మాత్రం అందులో ఎక్కడా లేదు. చెన్నై జార్జిటౌన్‌లో వందేళ్లు దాటిన సున్నపు కట్టడానికి అన్ని అక్కర్లేదు. ఎన్ని కావాలో, ఎక్కడ పెట్టాలో కింద రాస్తున్నాను. దీన్నిబట్టి వాళ్లచేత కొటేషన్ తిరగరాయించు.

ముందు నీళ్ల సంగతి చూడు. దానికి ఏ సెన్సరూ అక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. సెప్టెంబరు ముగిసేలోగా మిద్దె మీది నీటి గొట్టాలన్నీ శుభ్రం చేయించి, బకెట్లతో నీళ్లు పోయించి ఎక్కడ కారుతోందో చూడు. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కల్ని పట్టి లాగనివ్వకు, ఇటుకతో సహా ఊడొస్తాయి. మొదలు కోసి, మిగిలిన మోడుకు మందు పూసి, అది ఎండాక తీయించాలి. మనది మద్రాస్ టెర్రేస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా, నిలువంచున పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టి, ఆపైన పలక పెంకులు పరిచిన కప్పు. దాని మీద వాటర్‌ప్రూఫ్ షీటు అంటిస్తామని ఎవరైనా వస్తే పంపించెయ్. లోపలికి చేరిన చెమ్మ పైకి ఆరే దారి మూసుకుపోయి, దూలాల కొసలకే దిగుతుంది.

ఇక పగుళ్లు. గోడ రోజూ కదులుతుంది, అది జబ్బు కాదు. ఇటుక గోడ 10 మీటర్లకు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే సుమారు 0.6 మి.మీ. సాగుతుంది. ఆ కదలికంతా పగులు దగ్గరే బయటపడుతుంది. అందుకే మధ్యాహ్నం ఒక కొలత, మర్నాడు పొద్దున ఇంకో కొలత తీసి కంగారు పడేవాళ్లే ఎక్కువ. నీకు కావలసింది పగులు ఎంత వెడల్పు ఉందన్నది కాదు, ఏడాది తిరిగేసరికి మొదటి చోటికి తిరిగి వచ్చిందా లేదా అన్నది. ఏడాది పూర్తికాకుండా పగుళ్లు పూడ్పించకు. పూడ్చే రోజు వచ్చినా సిమెంటు వద్దు. గట్టిది పక్కన పడితే మెత్తటి పాత ఇటుకే మళ్లీ పగులుతుంది. పల్చటి సున్నపు గ్రౌటే ఎక్కించాలి.

పగుళ్లకు నాలుగు సెన్సర్లు చాలు. మూడు పగుళ్ల మీద మూడు, నాలుగోది అదే గోడలో పగులు లేని చోట. ఆ నాలుగోదాన్ని అమ్మేవాళ్లు వృథా అంటారు. నిజానికి అదే మిగతా మూడింటికీ సాక్షి. ఎండకు సెన్సరే ఎంత సాగుతోందో అది చెబుతుంది, మిగతా మూడింటి అంకెల్లోంచి దాన్ని తీసెయ్యాలి. 0.01 మి.మీ. వరకు చూపేవి, పక్కనే గోడ ఉష్ణోగ్రత కూడా తీసేవి అడుగు. బిగించే ముందు వేలి కణుపుతో తట్టు. డొల్లగా మోగితే గచ్చు గోడను వదిలేసిందన్నమాట, అక్కడ బిగిస్తే నువ్వు కొలిచేది గచ్చు కదలికే. రూపాయి బిళ్లంత మేర గచ్చు తీయించి, ఇటుకల మధ్య సున్నం కీలులో 40, 50 మి.మీ. లోతుకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు దింపాలి. సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కొత్త పగులు పుట్టిస్తుంది. ఇటుకలో రంధ్రం పెట్టనివ్వకు. కీలైతే తర్వాత సున్నంతో పూడుతుంది.

ప్రతి పగులు పక్కనా మూడు స్టీలు మేకులు త్రికోణంగా కూడా దింపించు, రెండు ఒక వైపు, ఒకటి అవతలి వైపు. నెలకోసారి పొద్దున ఆరింటికి డిజిటల్ కాలిపర్‌తో మూడు దూరాలూ కొలిచి పుస్తకంలో రాయించు. పగులు తెరుచుకుంటోందా, పక్కకు జారుతోందా రెండూ తెలుస్తాయి. సెన్సరు అబద్ధమాడిన రోజు దాన్ని పట్టించేది ఈ పుస్తకమే.

అంకెల్లో నేను పెట్టుకునే గీత ఇది. పొద్దున ఆరింటి కొలతల్ని మాత్రమే తీసి, గోడ ఉష్ణోగ్రత అడ్డంగా, పగులు కొలత నిలువుగా పెట్టి గ్రాఫు గీయాలి. ఏడాది తర్వాత అదే ఉష్ణోగ్రత దగ్గర 0.3 మి.మీ. కంటే ఎక్కువ తేడా మిగిలితే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలువు. వారంలో 0.5 మి.మీ. కదిలితే ఆలోచించకుండా కిందివాళ్లను ఖాళీ చేయించి, ఆసరాలు పెట్టించు. ఐఐటీ మద్రాసులో పాత కట్టడాల భద్రత కోసమే ఒక జాతీయ కేంద్రం ఉంది. పెద్ద సందేహమైతే అక్కడ అడుగు.

దూలాలకు మూడు, చెక్కలో తేమ కొలిచేవి. టేకు మధ్యలో చెడదు, గోడలో దాగిన కొస దగ్గర చెడుతుంది. ఒకటి నీటి గొట్టం కింద ఉన్న దూలానికి, ఒకటి వంటశాల వైపు, ఒకటి పొడిగా ఉన్న హాల్లో, పోల్చుకోవడానికి. గోడ అంచుకు దగ్గరగా రెండేసి పిన్నులు, కొన తప్ప మిగతా ఒళ్లంతా పూత ఉన్నవి. మీటరును టేకుకు సరిచేశారా అని అడుగు. తేమ 20 శాతం దాటి వారాల తరబడి నిలిస్తే కుళ్లు మొదలైనట్టే అనుకో. చెదలు కూడా ఆ చెమ్మనే వెతుక్కుంటూ వస్తాయి.

ఇదే పిన్నుల మీటరును గోడకు గుచ్చి ‘చెమ్మ 90’ అని ఎవరైనా చూపిస్తే నమ్మకు. మన గోడల నిండా ఉప్పే. ఉప్పు కరెంటును పోనిస్తుంది, మీటరు దాన్ని నీరనుకుంటుంది. గోడ చెమ్మకు పాత పద్ధతే మేలు. నేల నుంచి 0.3, 1, 1.5, 2 మీటర్ల ఎత్తుల్లో 10 మి.మీ. డ్రిల్లుతో మెల్లగా తొలిపించి (వేగం పెంచితే పొడి అక్కడే ఆరిపోతుంది), పొడిని మూత బిగుతైన సీసాల్లో పట్టు. పై 20 మి.మీ. పొడి వేరు, లోపలిది వేరు. 0.01 గ్రాము తూచే త్రాసులో తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్లీ తూచాలి. పైకి పోయేకొద్దీ తగ్గుతుంటే నేల నుంచి ఎక్కుతున్న చెమ్మ. ఒక్క ఎత్తులోనే ఎక్కువుంటే గొట్టమో, వాన కారడమో. ఏడాదికి రెండుసార్లు, మే నెలలో, జనవరిలో. గోడ అడుగున సిమెంటు పూత వేసిన చోట చెమ్మ దానిపైకి ఎక్కి అక్కడ ఉప్పు తేలుతుంది. ఆ పూత తీయించి సున్నం గచ్చు వేయించు.

గాలికి మూడు, ఉష్ణోగ్రత, తేమ కొలిచేవి: హాల్లో ఒకటి, ఉత్తరపు గదిలో ఒకటి, బయట నీడలో ఒకటి. తేమ శాతాల్ని పోల్చకు. 34 డిగ్రీల్లో 60 శాతం, 29 డిగ్రీల్లో 80 శాతం, రెంటిలోనూ ఘనపు మీటరుకు నీరు సుమారు 23 గ్రాములే. ఆ గ్రాముల్ని లెక్కగట్టమను. లోపల బయటికంటే ఎక్కువుంటే చెమ్మ పుట్టేది లోపలే. తక్కువుంటే కిటికీలు తెరవడం వల్ల లాభం లేదు. పదకొండోది మిద్దె మీద వానమానిని, వానను 0.2 మి.మీ. చొప్పున లెక్కపెట్టేది. విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో కురిసిన వాన మన వీధిలో కురిసిందని నమ్మకం లేదు. వాన పడ్డ ఎన్ని గంటలకు దూలం తడిసిందన్నది తెలిస్తే కారే చోటు సగం దొరికినట్టే.

రెండడుగుల గోడల్లోంచి వైఫై పోదు. లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరం పోయేది) అడుగు, 865–867 మెగాహెర్ట్జ్‌లో పనిచేసేది. 433కో 915కో చేసినవి అంటగడతారు, జాగ్రత్త. సెన్సర్ల కొలతల్ని అందుకునే పెట్టె, గేట్‌వే, మెట్ల గదిలో, పై అంతస్తులో. అరగంటకో కొలత చాలు. నిమిషానికోసారి పంపితే బ్యాటరీలే మిగలవు. పాత బ్యాటరీల కుప్ప పోసుకుంటూ కట్టడాన్ని కాపాడుతున్నామనడం నాకు నచ్చదు. పెట్టెల్ని కప్పుకు ఆనించి బిగించనివ్వకు, మే నెల వేడికి లిథియం సెల్లు ఉబ్బుతుంది. ఎలుకల దారిలో తీగలు వద్దు. ఇంకొకటి: పండక్కి సున్నం వేసేవాడు సెన్సరు మీద కూడా కుంచె లాగేస్తాడు. తమిళంలో, తెలుగులో పెద్దక్షరాల చీటీ అంటించు.

కొలతలు ప్రతి పెట్టెలోనూ కార్డు మీద నిలవాలి. నెలకోసారి ఏ కంప్యూటరులోనైనా తెరుచుకునే మామూలు సీఎస్‌వీ ఫైలుగా నీ చేతికి రావాలి, రెండు చోట్ల దాచు. కంపెనీ సర్వర్లోనే ఉంటే చందా ఆగిన రోజు చరిత్రంతా పోతుంది. ఈ షరతు కొటేషన్‌లో రాయించకుండా సంతకం పెట్టకు.

ఫొటోలతో త్రీడీ నమూనా చేస్తామన్నారు, చేయించు, కానీ పగుళ్లు కొలవడానికి కాదు. మామూలు పరికరాలతో అందులో కొన్ని మిల్లీమీటర్ల పొరపాటు ఉంటుంది. గోడ ఉబ్బడం, మొహద్వారం మీది గచ్చు బొమ్మలు ఎక్కడ రాలాయన్నది పట్టుకోవడానికి పనికొస్తుంది. జూమ్ లేని లెన్సు, ఎండ పడకముందు వెలుతురు, ఒక ఫొటోలో పడ్డ చోటులో 70, 80 శాతం తర్వాతి ఫొటోలోనూ పడాలి. కొలబద్ద పట్టీలు గోడ పక్కన పెట్టి తీయాలి. వీధి ఇరుకు కాబట్టి పొడవాటి కర్రకు కెమెరా కట్టి పైభాగం తీయించు. డ్రోన్ అంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై సైటు పటంలో మన వీధి ఏ రంగులో ఉందో చూడు. రెండేళ్ల నమూనాల్ని పోల్చడానికి క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

థర్మల్ కెమెరా, కంపన మీటరు కొనకు, అద్దెకు తే. కింద మెట్రో పోతోందన్న భయం తీరాలంటే రెండు వారాల రికార్డు చాలు. జర్మన్ ప్రమాణం డిన్ 4150-3 ప్రకారం ఇలాంటి సున్నిత కట్టడాలకు పునాది దగ్గర, 10 హెర్ట్జ్ లోపు కంపనాలకు, సెకనుకు 3 మి.మీ. హద్దు.

సత్రం సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) వారసత్వ జాబితాలో ఉందేమో మేకు దింపేముందే కనుక్కో. ఉంటే అనుమతి తీసుకోవాలి. కొత్త కొటేషన్ వచ్చాక, ప్లాను మీద 11 చోట్లూ, గేట్‌వే చోటూ గుర్తుపెట్టించి నాకు ఒక ప్రతి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న