సింఫనీ మధ్యలో చప్పట్లు

ప్రశ్న: మాది కావలి. నాకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతమంటే ప్రాణం. డిసెంబరు వస్తే మద్రాసు కచేరీలకు రైలెక్కేస్తాను. మావారికేమో అది ‘ఒక్క ముక్కను గంటసేపు సాగదీయడం’. ఆయనకు పాశ్చాత్య సంగీతం, అందులోనూ బీథోవెన్ రచనలు కావాలి. మొన్న ముంబైలో మా అమ్మాయి ఇద్దరినీ ఆర్కెస్ట్రాకు తీసుకెళ్లింది. మనవైపు ఆర్కెస్ట్రా అంటే తిరునాళ్లలో సినిమా పాటలే కదా, ఇది వేరే. ఒక భాగం అవగానే, బాగుందని చప్పట్లు కొట్టాను. హాలంతా నిశ్శబ్దం. మావారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు ఇంట్లో ఆయన అవి పెడితే లేచి వెళ్లిపోతున్నాను. లోపం నా చెవిలోనే ఉందా?

జవాబు: లోపమేమీ లేదమ్మా. ముందు ఆ చప్పట్ల సంగతి చెబుతాను, మిమ్మల్ని బాధపెట్టింది అదే కదా. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద రచన. 1813 డిసెంబరులో వియన్నాలో బీథోవెన్ ఏడో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు, రెండో భాగం దగ్గర జనం ఊరుకోలేదు. మళ్లీ వాయించమన్నారు, వాయించారు. నాలుగు భాగాలూ అయ్యేదాకా కదలకుండా కూర్చునే పద్ధతి తర్వాత వచ్చింది. ఇప్పుడు అక్కడ అదే మర్యాద కాబట్టి పాటిద్దాం. కానీ మన సభల్లో మంచి సంగతి పడితే ‘భేష్’ అనకుండా ఉండగలమా? మీరు చేసిందీ అదే.

నేను ఒంగోలు దగ్గర పుట్టినదాన్ని. షేక్ చినమౌలానా గారి నాదస్వరం క్యాసెట్లు వింటూ పెరిగాను. ఆయన శ్రీరంగంలో స్థిరపడినా, పుట్టింది మన కరవదిలోనే. అలాంటి నాకు సింఫనీ మొదట్లో గోలగానే అనిపించింది. మన చెవి ఒక్క వరసను పట్టుకుని పోతుంది. వెనకాల తంబురా, ముందు రాగం. గమకం ఎక్కడ ఊగింది, ఎక్కడ నిలిచింది అని చూస్తాం. అక్కడ నాలుగైదు వరసలు ఒకేసారి నడుస్తాయి, దేన్ని పట్టుకోవాలో తెలియక అలిసిపోతాం. మీవారి ఇబ్బందీ అలాంటిదే. పక్కన ఇంకో వరస వస్తుందని ఆయన చెవి కాచుకుని ఉంటుంది, అది రాదు.

నాకు దారి దొరికింది ఆ ఏడో సింఫనీ రెండో భాగంలోనే. మొదట వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్‌లు (వయొలిన్ లాంటివే, ఇంకా పెద్ద వాయిద్యాలు) కింది స్థాయిలో మెల్లగా ఒక నడక ఎత్తుకుంటాయి: తాం, తక, తాం, తాం. తొడ మీద తాళం వేసి చూడండి, నాలుగు దెబ్బలు, సరిగ్గా మన ఎనిమిది దెబ్బల ఆదితాళంలో సగం. కాసేపటికి ఆ నడకను రెండో వయొలిన్లు అందుకుంటాయి, వయోలాలూ చెల్లోలూ ఇంకో పాట మొదలుపెడతాయి. ఆ పాట ఒక్కదాన్నే పట్టుకోండి, మిగతావి పోతే పోనివ్వండి. అది వినపడిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇత్తడి బాకాలు ఒక్కసారిగా విరుచుకుపడే చోట్లు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చవు. నచ్చి తీరాలని ఏముంది?

మీవారిని మూడు గంటల కచేరీకి లాక్కెళ్లకండి. భోజనాలయ్యాక చినమౌలానా గారి రాగాలాపన ఒక పది నిమిషాలు వినిపించండి, చాలు. మద్రాసుకు ఎప్పటిలాగే మీరొక్కరే వెళ్లిరండి.

ఈసారి ఆయన ఏడో సింఫనీ పెడితే లేవకండి. చెల్లోలు ఎక్కడ ఎత్తుకున్నాయో ఆయన్నే అడగండి. ఎంత సంబరంగా చూపిస్తారో చూడండి.