గొట్టం నుంచి చుక్కలు పడుతుంటే...

ప్రశ్న: మా హీట్ పంప్ వాటర్ హీటర్‌కు నాలుగేళ్లు. ఈమధ్య నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయి. ట్యాంకు పక్క గొట్టం నుంచి చుక్కలు పడుతున్నాయి. దానికి బిరడా పెట్టేయమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి! అది సేఫ్టీ వాల్వ్ గొట్టం. కాగిన నీరు వ్యాకోచిస్తుంది కాబట్టి, వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం మామూలే. మూసేస్తే ట్యాంకు పేలే ప్రమాదం ఉంది. రోజంతా కారుతుంటే వాల్వ్‌లో మట్టి చేరిందనో, నీటి ప్రెషర్ ఎక్కువైందనో అర్థం.

ఇక ఆలస్యం సంగతి. కరెంటు ఆపేసి, హీట్ పంప్ రేకుల మీది దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. హీట్ పంప్ చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లు కాస్తుంది; గాలి ఆడకపోతే అది ఏం లాగుతుంది పాపం! ‘ఏటా గ్యాస్ నింపాలి’ అనే మెకానిక్ మాట వినకండి. ఫ్రిజ్‌లోలాగే, వేడిని మోసే ఆ గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే.

మెకానిక్ వచ్చినప్పుడు ట్యాంకు లోపలి మెగ్నీషియం కడ్డీని తీయించి మీ కళ్లతో చూడండి. ట్యాంకు ఉక్కు బదులు తుప్పును తానే భరించే కడ్డీ అది. నేను తీసినవాటిలో కొన్ని నమిలేసిన చెరుకు ముక్కల్లా ఉంటాయి, కొన్నిట్లో నడిమి తీగే మిగులుతుంది. అలా ఉంటే వెంటనే మార్పించండి. ఉప్పునీళ్లయితే ఏటా చూడాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకుల్లో కొన్నిటికి ఈ కడ్డీ ఉండదు.

కరెంటు ఆదా అని 45 డిగ్రీలకు దించకండి. ట్యాంకులో 60 ఉంటే, న్యుమోనియా తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరగదు.