మేడ మీద అద్దెకున్న అఫ్గాన్ అమ్మాయికి ఇక్కడ ఆశ్రయం దొరుకుతుందా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. గుంటూరు బ్రాడీపేటలో సొంతిల్లు. పై పోర్షన్‌లో రెండేళ్లుగా ఒక అఫ్గాన్ అమ్మాయి అద్దెకుంటోంది. దగ్గర్లోని యూనివర్సిటీలో పీజీ చదివింది. వాళ్లది అక్కడి మైనారిటీ తెగ అయిన హజారా కుటుంబం. తండ్రి పాత ప్రభుత్వంలో ఉద్యోగి, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. స్టూడెంట్ వీసా ఇంకో ఏడు వారాల్లో అయిపోతుంది. వెనక్కి పంపిస్తే తన బతుకు ముగిసినట్టేనని ఏడుస్తోంది. ఒకాయన పాతిక వేలిస్తే ఆధార్ చేయిస్తానంటున్నాడు. మా బావగారేమో, "మన దేశం మనిషి కాదు, ఆమెకి హక్కులేంటి? ముందు ఖాళీ చేయించు, లేకపోతే నీ మెడకు చుట్టుకుంటుంది" అంటున్నారు. ఆమె ఇక్కడ ఆశ్రయం అడగవచ్చా? మా బంధువుల అమ్మాయి అని చెబితే ఇబ్బందా?

జవాబు: టీచరుగారూ, ముందు ఆ పాతిక వేల మనిషిని గుమ్మం ఎక్కనివ్వకండి. మిగతావన్నీ తర్వాత.

ఇప్పటివరకు ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. వీసా మీద వచ్చింది, చదువుకుంది, గడువు ఇంకా ఉంది. దొంగ చిరునామాతో, దొంగ పేరుతో ఆధార్ పుట్టిన రోజున ఆమె ఆశ్రయం కోరే మనిషి కాకుండా పోయి, క్రిమినల్ కేసులో ముద్దాయి అవుతుంది. ఆపైన ఆమె చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా ఆ కార్డు వల్ల ఒరిగేదీ లేదు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే రాసి ఉంది.

ఇక మీ బావగారి మాట. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. రాజ్యాంగంలో కొన్ని హక్కులు పౌరులకే ఇచ్చారు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు, 19వ అధికరణం, అలాంటిదే. కానీ 14వ అధికరణం చదవండి: చట్టం ముందు సమానత్వాన్ని "ఏ వ్యక్తికీ" నిరాకరించకూడదని ఉంది, "ఏ పౌరుడికీ" అని లేదు. ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణనిచ్చే 21వ అధికరణం కూడా అంతే. అరుణాచల్ ప్రదేశ్‌లో తలదాచుకున్న చక్మా శరణార్థులను స్థానిక సంఘాలు గడువు పెట్టి వెళ్లగొట్టాలని చూసినప్పుడు, 1996లో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడే బాధ్యత రాష్ట్రానిదేనంది.

మిగతా సగం కూడా దాచకుండా చెప్పాలి, లేకపోతే నేను మిమ్మల్ని మభ్యపెట్టినట్టవుతుంది. ప్రాణరక్షణ ఉంది కదా అని ఇక్కడే ఉండిపోయే హక్కు రాదు. విదేశీయులకు ఇక్కడ స్థిరపడే హక్కు లేదని 1991లో లూయీ డి రేట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2021 ఏప్రిల్‌లో రోహింగ్యాల కేసులోనూ, పద్ధతి ప్రకారం జరిగితే పంపించడాన్ని ఆపలేమంది. దానికి భిన్నంగా, ప్రాణహాని ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదన్న సూత్రం 21వ అధికరణంలోనే ఇమిడి ఉందని గుజరాత్ హైకోర్టు ఇద్దరు ఇరాకీల కేసులో చెప్పింది. రెండు రకాల తీర్పులూ ఉన్నాయి. అందుకే కోర్టును నమ్ముకుని కూర్చోకుండా, ముందు కాగితాలు సిద్ధం చేసుకోమని నా సలహా.

మన దేశంలో శరణార్థుల చట్టం అంటూ ఒకటి లేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. కాబట్టి చట్టం కళ్లకు ఆ అమ్మాయి విదేశీయురాలు, అంతే. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం వీసా గడువు దాటి ఉంటే మూడేళ్ల దాకా జైలు, లేదా 3 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు ఏడు వారాలు అని రాశారు చూడండి, మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనపడింది ఆ ముక్కే. గడువు లోపల అడిగితే అది అర్జీ. దాటాక అడిగితే అదే మాట ముద్దాయి చెప్పుకునే సంజాయిషీలా వినిపిస్తుంది.

అడగడానికి దారి ఉందా అంటే, ఉంది. 2011 డిసెంబరు 29న కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఒక కార్యవిధానం పంపింది, 2019లో దాన్ని సవరించింది. శరణార్థినని చెప్పుకునే విదేశీయుల విషయంలో ఏం చేయాలో అందులో ఉంది. జాతి, మతం, లింగం, జాతీయత, తెగ, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం — వీటి వల్ల హింస తప్పదన్న భయానికి తగిన ఆధారం పైకి కనిపిస్తే, భద్రతా విచారణ చేసి లాంగ్ టర్మ్ వీసా ఇవ్వమని రాష్ట్రం కేంద్రానికి సిఫారసు చేయవచ్చు. ఆ వీసా వస్తే ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, చదువుకోవచ్చు.

ఆ జాబితాలో "లింగం" అన్న మాట ఉందే, దాన్ని పట్టుకోండి. 1951 ఒప్పందంలో అయిదు కారణాలే ఉన్నాయి, వాటిలో ఈ మాట లేదు. స్త్రీలను "సామాజిక వర్గం" కిందకు తేవడానికి ఇతర దేశాల వకీళ్లు ఏళ్ల తరబడి వాదించాల్సి వచ్చింది. సంతకం పెట్టని మన దేశపు కాగితంలో మాత్రం అది సూటిగా ఉంది. తాలిబన్లు 2021 ఆగస్టులో కాబూల్ తీసుకున్నారు, 2022 డిసెంబరులో ఆడపిల్లలను యూనివర్సిటీల నుంచి తరిమేశారు. పీజీ చదివిన ఒంటరి ఆడపిల్ల, హజారా, పాత ప్రభుత్వ ఉద్యోగి కూతురు. మూడు కారణాలు ఒకే మనిషిలో ఉన్నాయి. అర్జీలో మూడూ విడివిడిగా రాయాలి. "మా దేశంలో పరిస్థితి బాగాలేదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకూడదు.

మరి అందరికీ ఒకే న్యాయం ఉందా అని మీరు అడగలేదు గానీ, ఆ అమ్మాయి అడుగుతుంది. లేదు. అదే కాబూల్ నుంచి వచ్చిన సిక్కు కుటుంబం 2014 డిసెంబరు 31 లోపు వచ్చి ఉంటే, 2019 పౌరసత్వ సవరణ చట్టం కింద పౌరసత్వమే అడగవచ్చు. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, బంగ్లాదేశ్‌ల నుంచి 2024 చివరిదాకా వచ్చిన ముస్లిమేతర ఆరు మతాల వారికి పాస్‌పోర్టు, వీసా లేకపోయినా 2025 సెప్టెంబరు ఉత్తర్వు మినహాయింపు ఇచ్చింది. హజారాలు ముస్లింలు కాబట్టి ఈ రెండూ వాళ్లకు వర్తించవు. తాలిబన్ల చేతిలో వాళ్లు పడ్డ పాట్లు తక్కువేం కాదు. నా మటుకు నాకు ఇది 14వ అధికరణంతో పొసిగే విభజనగా తోచదు. ఆ సవరణ చట్టం మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. కానీ నా అభిప్రాయంతో ఆ అమ్మాయి వీసా పెరగదు కదా, పనిలోకి వద్దాం.

ఈ వారంలోనే ఆమె జిల్లా ఎస్పీ ఆఫీసులో విదేశీయుల రిజిస్ట్రేషన్ చూసే విభాగానికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. విదేశీయుల రిజిస్ట్రేషన్ కోసం ఆన్‌లైన్‌లో ఉన్న ఇ-ఎఫ్ఆర్ఆర్ఓ పోర్టల్‌లో కూడా పెట్టాలి. అందినట్టు రసీదు తీసుకోవాలి. నోటిమాటగా "చూద్దాంలే అమ్మా" అన్నది రసీదు కాదు. దాంతోపాటే ఢిల్లీలోని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. దానికి పైసా ఖర్చు లేదు, ఎవరైనా డబ్బు అడిగితే వాడు దళారీ. వాళ్లిచ్చే కార్డు వీసా కాదు, దాన్ని చూపించి గడువు దాటి ఉండటం కుదరదు. కానీ ఒక అంతర్జాతీయ సంస్థ ఆమె కథ విని నమ్మిందంటే, ఆమె ఫైలుకు బలం వస్తుంది. ఇంకో జాగ్రత్త. పాస్‌పోర్టు రెన్యువల్‌కని తన దేశపు కాన్సులేట్‌కు వెళ్లాలనుకుంటే, ముందు వకీలును అడగాలి. భయపడుతున్న ప్రభుత్వం గుమ్మానికే వెళ్లావు కదా అన్న ప్రశ్న రేపు ఇంటర్వ్యూలో రావచ్చు.

ఇంటర్వ్యూ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజం చెప్పేవాళ్లు కూడా ఓడిపోయేది అక్కడే. ఎక్కువగా తేదీల దగ్గర. అఫ్గాన్లు పెరిగిన క్యాలెండర్ వేరు. వాళ్ల కొత్త సంవత్సరం మార్చి 21 ప్రాంతంలో మొదలవుతుంది. మనకు 2021 ఆగస్టు అంటే వాళ్లకు 1400వ సంవత్సరం. కంగారులో ఆ తేదీలను మన క్యాలెండర్‌లోకి మార్చుకుని చెప్పేటప్పుడు ఒక నెల అటో ఇటో పడుతుంది. ఒకసారి ఆగస్టు, ఇంకోసారి సెప్టెంబరు అంటే, మాట మార్చిందని రాసుకుంటారు. చాలామంది అఫ్గాన్ల పాస్‌పోర్టులో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. అందులో మనకు వింతేముంది? బడిలో చేర్చుకునేటప్పుడు వయసు అంచనా వేసి ఒక తేదీ వేసేయడం మీకు తెలియనిదా! నా దగ్గరికి పొలం తగాదాలతో వచ్చే పెద్దవాళ్లను ఎప్పుడు పుట్టారంటే, "దివిసీమ ఉప్పెన నాటికి నాకు పెళ్లీడు" అంటారు. వాళ్లు అబద్ధాలకోరులు కారు. కాబట్టి ఒక నోటుపుస్తకంలో జరిగినవన్నీ వరసగా, రెండు క్యాలెండర్లలోనూ రాయించండి. గుర్తులేనిది గుర్తులేదనే రాయాలి, అందంగా పూరించకూడదు.

ఆమెను ప్రశ్నించేది ఆడ అధికారి, తర్జుమా చేసేది ఆడమనిషి అయి ఉండాలని ముందే అడగండి. శరణార్థుల సంస్థ దగ్గర ఈ వెసులుబాటు ఉంది. అడగడానికి మొహమాటపడతారేమో, అక్కర్లేదు. పరాయి మగవాళ్ల ముందు చెప్పుకోలేని సంగతులుంటాయి, చెప్పకపోతే అవి జరగనట్టే లెక్క. అందరినీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టి ఒకేలా అడగటం సమానత్వం అనిపించుకోదు. నిద్రపట్టక మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తుంటే ఆ చీటీలు కూడా జతచేయండి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీ ఎవరైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయసహాయానికి అర్హురాలే. "భారత పౌరురాలు" అన్న మాట అక్కడ లేదు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అర్జీ పెండింగ్‌లో ఉండగానే వెళ్లిపొమ్మని నోటీసు వస్తే, నేలపాడులోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. గెలుస్తామని మాట ఇవ్వలేను. అర్జీ మీద నిర్ణయం తీసుకోకుండా పంపవద్దని అడగడం మాత్రం న్యాయమైన కోరికే.

ఇప్పుడు మీ సంగతి. విదేశీయులకు అద్దెకివ్వడం నేరం కాదు, ఆ సమాచారం పోలీసులకు ఇవ్వకపోవడం నేరం. మామూలుగా సి-ఫారం అంటారు, వచ్చిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. రెండేళ్ల కిందట మీరు ఇచ్చారో లేదో ఉత్తరంలో రాయలేదు. ఇవ్వకపోతే ఈరోజే ఇచ్చేయండి, ఆలస్యానికి కారణం నిజమే రాయండి. వీసా గడువు లోపల ఆమెను ఖాళీ చేయించాల్సిన పని మీకు లేదు. అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు నకళ్లు ఆమెకు ఇవ్వండి. చిరునామాకు అవే రుజువు.

బావగారికి ఇంకొకటి కూడా చెప్పండి. 1942లో రంగూన్ మీద బాంబులు పడుతుంటే కొండలెక్కి అడవులు దాటి నడిచొచ్చిన తెలుగువాళ్లు ఎందరో. విశాఖ కంచరపాలెంలో బర్మా నుంచి వచ్చినవాళ్ల పేరు మీదే బర్మా క్యాంపు ఉంది. వాళ్లు మనవాళ్లు, చట్టంలో ఆ కేసు వేరు, ఒప్పుకుంటాను. నడిచొచ్చిన కాళ్ల నొప్పి మాత్రం వేరు కాదు.

బంధువుల అమ్మాయి అని మాత్రం ఎక్కడా చెప్పకండి, రాయకండి. ఆమె మీకు ఎవరు అని అడిగిన గడిలో "అద్దెదారు" అని రాయండి. సోమవారం ఆమెను వెంటబెట్టుకుని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, వీసా, రిజిస్ట్రేషన్ కాగితం, యూనివర్సిటీ సర్టిఫికెట్లు, తండ్రి ఉద్యోగానికి సంబంధించి ఫోన్లో ఉన్న ఫొటోలు ఏవైనా ఉంటే వాటి ప్రింట్లు, ఒక్కోటి మూడు సెట్లు జిరాక్స్ తీయించి తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు.