లండన్‌లో కారుకి మన రాయగడ లైసెన్సు చాలు

ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం నుంచి లండన్‌లో కూతురి దగ్గరికి మూడు నెలలకు వెళ్తున్నాను, అక్కడ కారు నడపడానికి పర్మిట్ కోసం శ్రీకాకుళం వెళ్లాలా అని అడిగారు కదా మాస్టారూ. శ్రీకాకుళం ఊసే వద్దు. సందర్శకులు బ్రిటన్‌లో మన లైసెన్సుతోనే మామూలు కారు 12 నెలల దాకా నడపొచ్చు. అద్దె కార్ల వాళ్లు కొందరు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతారు కాబట్టి తీసుకుంటే టెన్షన్ ఉండదు. ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు, గడువు ఏడాది. మీ రాయగడ ఆర్టీఓలోనే ఇస్తారు. పర్మిట్ ఒక్కటే చెల్లదు, అసలు లైసెన్సూ జేబులో ఉండాలి.

నా పని మాత్రం ఇంటిపేరు దగ్గర ఆగింది. పాస్‌పోర్టులో పొట్నూరు అని పూర్తిగా ఉంది, లైసెన్సులో ఒట్టి 'పి'. మీది ఇవాళే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.