డేటా సైన్స్ కోర్సా, పెద్దవాళ్ల మెదడు మీద ప్రాజెక్టా?

పలమనేరు నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా పాప తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ పూర్తి చేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెదడు వయసుతో ఎలా మారుతుందో చూసే డేటాబేస్ ప్రాజెక్టులో చేరతానంటోంది. నేనేమో బెంగళూరులో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సు చేయించాలనుకుంటున్నా. ఏది మేలు?"

సార్, ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒకటే. పెళ్లిసంబంధం వాళ్లు 'అమ్మాయి ఏం చేస్తుంది' అని అడిగితే 'సాఫ్ట్‌వేర్' అన్నంత సులువుగా చెప్పలేని ఉద్యోగం అయితే ఎలా అని మీ టెన్షన్. మీ జవాబు సులువు కావడం కోసం ఆ పిల్ల దారి మార్చుకోవాలా?

ఆ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఎక్కువ చోట్ల ముందే శుభ్రం చేసిన డేటా చేతికిస్తారు, టైటానిక్ ప్రయాణికుల జాబితా, ఇళ్ల ధరల పట్టిక లాంటివి, చివరికి అందరి రెజ్యూమేలోనూ అవే ప్రాజెక్టులు. అక్కడ చెప్పే గణితంలో సగం మీ పాపకు ఇప్పటికే వచ్చు, మిగతా కోడింగ్ ఇంట్లో కూర్చుని నేర్చుకోగలదు. అంత ఫీజు ఎందుకు కట్టాలో మీరే చెప్పండి.

ఇక ప్రాజెక్టు సంగతి. అల్జీమర్స్‌లో మతిమరుపు బయటపడే పదిహేను ఇరవై ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి, అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి చూడాలి. అమెరికాలో 2004లో మొదలైన ఏడీఎన్ఐ అనే అల్జీమర్స్ అధ్యయనం తన మెదడు స్కాన్లను, పరీక్షల ఫలితాలను ప్రపంచంలోని పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టింది. జనం ఆరోగ్య వివరాలను ఏళ్ల తరబడి సేకరించే బ్రిటన్ బయోబ్యాంకులో 5 లక్షల మంది ఉన్నారు. కానీ అక్కడి లెక్కలు మన పల్లె మనిషికి సరిపోతాయని ఎవరు చెప్పగలరు? అందుకే బెంగళూరు ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 45 ఏళ్లు దాటిన 10,000 మంది లక్ష్యంగా పల్లెల్లో అధ్యయనం పెట్టుకుంది. ఎక్కడో తెలుసా, మన మదనపల్లె సరిహద్దు దాటితే వచ్చే శ్రీనివాసపురలో. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది.

ఈ పనిలో కష్టం ఎక్కడుంటుందో చూడండి. ఒక అవ్వ ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది, అసలు తేదీ ఎవరికీ తెలియదు. పెళ్లి ఎప్పుడైంది, పెద్దబిడ్డ ఎప్పుడు పుట్టాడు అని అడుగుతూ వయసు అంచనా వేయాలి. అదే అవ్వను వందలోంచి ఏడేడు తీసివేయమంటే తడబడుతుంది, సంతలో టమోటా లెక్క మాత్రం నోటితోనే తేలుస్తుంది. బడికి పోనందువల్ల తప్పిందా, చెవులు సరిగా వినబడక తప్పిందా, జ్ఞాపకమే తగ్గిందా? ఇది విడదీయకుండా మార్కు వేస్తే ఆ డేటా వాడిన ప్రతి పరిశోధకుడూ తప్పు లెక్క మీదే నడుస్తాడు. పేర్లు తొలగించడం, పదిచోట్ల ఒకే పద్ధతిలో పరీక్ష జరిగేలా చూడడం, ఖాళీగా ఉన్న గడి ఎందుకు ఖాళీగా ఉందో రాసిపెట్టడం, ఇవన్నీ ఒంటబడితే మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్స్‌లోనూ, పీహెచ్‌డీకీ, రేపు మీరు కోరే డేటా ఉద్యోగానికీ పనికొస్తాయి. దయచేసి కంగారు పడకండి, పాప దారి తప్పడం లేదు.

ఇబ్బందులూ చెప్పాలి కదా. ఉద్యోగం కాంట్రాక్టు మీద, గ్రాంటు అయిపోతే అంతే. నెట్ లేదా గేట్ పరీక్ష పాసై జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరితే నెలకు 37,000, 2023 నుంచి అదే రేటు. అవి లేకుండా చేరితే అంతకన్నా తక్కువే వస్తుంది. చేరే ముందు గడువు ఎంత, విశ్లేషణలో తనకు భాగం ఉంటుందా లేక డేటా ఎంట్రీ పని మాత్రమేనా, పరిశోధన పేపర్లో పేరు వేస్తారా అని అడగమనండి. ఎంట్రీ మాత్రమే అంటే వద్దనే చెబుతాను.

ఈ ఆదివారం ఆఫర్ కాగితం ముందు పెట్టుకుని ఇద్దరూ చదవండి, మీరు తక్కువ మాట్లాడి ఆమెను చెప్పనివ్వండి. అంతవరకూ బెంగళూరు కోర్సుకు అడ్వాన్స్ కట్టకండి.