మా సింబా మందుల ఖర్చు... పాప సిప్ ఆపేయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 64,000. మా లాబ్రడార్ సింబాకు 11 ఏళ్లు, 41 కిలోలు. కీళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేకపోతోంది. తిండికీ మందులకీ నెలకు 4,500 అవుతోంది. రెండు నెలల క్రితం ఎక్స్‌రేలు, స్కాన్, సెలైన్లకు 31,000 క్రెడిట్ కార్డు మీద పెట్టాం. మినిమమ్ డ్యూ 1,600 మాత్రమే కట్టగలుగుతున్నాం. పాప చదువు కోసం నెలకు 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి), గొలుసు కోసం బ్యాంకులో నెలకు 3,000 ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్, 14 నెలలు కట్టాం) ఉన్నాయి. సిప్ ఆపేయమంటారా? సింబాకు ఇన్సూరెన్స్ చేయిస్తే మంచిదా? ఆరోగ్య బీమాకిచ్చే 80డి పన్ను మినహాయింపు దానికి వస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, దానికి ఒక్క ముక్కలో జవాబుంది. రాదు. 80డి మీకు, మీ వారికి, పిల్లలకు, తల్లిదండ్రులకే.

ఇన్సూరెన్స్ కూడా ఇప్పుడు వద్దు. కుక్కల పాలసీల్లో చాలావాటికి కొత్తగా చేరడానికి వయసు పరిమితి ఉంటుంది. 11 ఏళ్లకు ఎవరైనా ఇచ్చినా, ముందే ఉన్న జబ్బును పక్కన పెట్టేస్తారు. సింబాకు ఖర్చవుతున్నదే ఆ కీళ్లకు. ప్రీమియం కట్టి, క్లెయిమ్ రాక, ఆ టెన్షన్ ఒకటి అదనం.

అసలు మంట కార్డు దగ్గరుంది. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 31,000 మీద 1,085 అవుతుంది. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 195. అంటే మీరు కట్టే 1,600లో అసలుకు పోయేది 320 రూపాయలు. పైగా బాకీ ఉన్నంతకాలం అదే కార్డు మీద సింబా మందులు కొంటే వడ్డీ లేని రోజులు ఉండవు, గీకిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది.

ఆర్‌డీ బ్రేక్ చేయండి. గొలుసు కోసం దాచుకున్నది, మనసు ఒప్పదు, తెలుసు. కానీ ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కోసేది కొంచెమే. చేతికి 42,000 పైనే వస్తుంది. కార్డు మొత్తం తీర్చేయగా 11,000 దాకా మిగులుతుంది. దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, నెలనెలా ఆర్‌డీకి కట్టే 3,000 అందులోకి మళ్లించండి. కార్డుకు కడుతున్న 1,600 కూడా కలిస్తే ఆరు నెలల్లో 38,000 దాటుతుంది. ఆ ఖాతా సింబాది. పాప సిప్‌ను మాత్రం కదపకండి. సింబా ఖర్చు ఇంకో ఏడాదో, రెండేళ్లో. చదువు ఖర్చు అలా కాదు.

ఇక ఖర్చు తగ్గించే సంగతి. 41 కిలోలంటే లాబ్రడార్‌కు ఎక్కువ, ఆ బరువంతా నొప్పి కీళ్ల మీదే పడుతోంది. ఒకే ఈతలో పుట్టిన లాబ్రడార్ పిల్లల్ని జతలుగా విడదీసి, ఒకదానికి పావు వంతు తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించిన అధ్యయనం 2002లో వెలువడింది. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. డాక్టర్‌ని అడిగి కొలత ప్రకారం పెట్టండి. మీ ఇంట్లో కూడా భోజనాల దగ్గర పెరుగన్నం ముద్ద, టీ దగ్గర బిస్కెట్ నడుస్తూనే ఉంటాయని నా అనుమానం. అవి ఆపడానికి పైసా ఖర్చు లేదు, పెద్దవాళ్లతో చిన్న గొడవ తప్ప. టైల్స్ మీద జారకుండా రబ్బరు మ్యాట్లు వేయండి. నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ మాత్ర మాత్రం వేయకండి, కుక్కలకది విషం. కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బతినడం, మళ్లీ సెలైన్లు, మళ్లీ కార్డు.

పరీక్షలకు ప్రతిసారీ ప్రైవేటుకే వెళ్లక్కర్లేదు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. సగం పూట పోతుంది, డబ్బు బాగా మిగులుతుంది.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. పెద్ద ఆపరేషన్ అనే మాట రేపు రావచ్చు. అది అర్ధరాత్రి క్లినిక్ కౌంటర్ దగ్గర కాకుండా, ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని తేల్చుకోండి: సింబా ఖాతాలో ఉన్నంత వరకే, కార్డు బయటికి తీయం అని. డాక్టర్‌ని రెండే అడగండి. ఇది చేయిస్తే ఎన్ని నెలలు హాయిగా తిరుగుతుంది? చేయించకపోతే నొప్పి తెలియకుండా ఉంచడానికి ఎంతవుతుంది? రెండో దారి ఎంచుకున్నంత మాత్రాన ప్రేమ తక్కువైనట్టు కాదు. దహనం ఖర్చు కూడా ఆ ఖాతాలోనే పెట్టుకోండి. నాగోల్ దగ్గర ఫతుల్లగూడలో జంతువుల దహనవాటిక ఉంది.

ఆ తర్వాత ఆ ఖాతాలో మిగిలింది, నెలనెలా వేసే 3,000, మళ్లీ గొలుసు ఆర్‌డీకి. వెంటనే చేయలేకపోయినా ఫర్వాలేదు.