కిడ్నీ మార్పిడి తర్వాత తొలి ఫ్లూ సీజన్‌

తల్లీ,

ఇంటికి చేరావని, కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తపరీక్షలో చూపించే క్రియాటినిన్ నిలకడగా ఉందని మీ అమ్మ చెప్పగానే ప్రాణం కుదుటపడింది. ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో నర్సుగా చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి, ఫ్లూ రోజులు మొదలయ్యేలోపే నీకు కొన్ని సంగతులు చెప్పాలని రాస్తున్నాను.

ఫ్లూ అంటే అందరికీ గుర్తొచ్చేది చలి, ఒళ్లునొప్పులు, ఒళ్లు కాలిపోయే జ్వరం. నీకు వస్తే అలా ఉండకపోవచ్చు. వైరస్‌తో మన రోగనిరోధక శక్తి పోరాడేటప్పుడే జ్వరం పుడుతుంది. నువ్వు వేసుకునే టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ ఆ శక్తినే అణచి ఉంచుతాయి. లేకపోతే అది కొత్త కిడ్నీ మీదే పడుతుంది. అందుకని లోపల జబ్బు ముదురుతున్నా థర్మామీటర్‌లో ఏమీ కనిపించకపోవచ్చు.

ఒకాయన ఇప్పటికీ గుర్తొస్తాడు. కాస్త పొడిదగ్గు, నీరసం, తిండి సహించకపోవడం, అంతే. జ్వరం లేదు కదా అని ఇంట్లోనే ఉండిపోయాడు. మా దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యం పూర్తి చేయడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సి వస్తోంది. ఎక్స్-రే తీస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా. మనిషి బతికి బయటపడ్డాడు గానీ కిడ్నీ మాత్రం మునుపటిలా పనిచేయలేదు.

కాబట్టి నీకు జ్వరం కొలమానం కాదు. గొంతు గరగర, దగ్గు, ముక్కు కారడం, కారణం తెలియని నీరసం, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఫోన్ చెయ్యి. రాత్రయిందనీ, చిన్న విషయమనీ మొహమాటపడకు. ఆయాసం ఉంటే ఫోన్‌తో సరిపెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపో.

ఫ్లూ వైరస్‌కి ఇచ్చే ఒసెల్టమివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. నీలాంటివాళ్ల విషయంలో టెస్ట్ రిజల్ట్ వచ్చేదాకా ఆగకుండానే మొదలుపెడతారు. ఆ గడువు దాటినా ఇస్తారు, ఆశ వదులుకోవద్దు. పెద్దవాళ్లకు మామూలు డోసు 75 మిల్లీగ్రాములు, రోజుకు 2 సార్లు, 5 రోజులు. కిడ్నీ పనితీరును బట్టి అది తగ్గించాల్సి రావొచ్చు, కనుక ఎవరో వాడగా మిగిలిన స్ట్రిప్ తీసి వేసుకోకు. ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్ అన్నంత మాత్రాన ఫ్లూ లేదని తేలిపోయినట్టు కాదు. ఇంకా కచ్చితంగా చెప్పే పీసీఆర్ టెస్ట్ చేయిస్తారేమో అడుగు.

మందుల షాపు దగ్గర ఇంకా జాగ్రత్త. ఒళ్లునొప్పులకని ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఇస్తే తీసుకోకు, అవి కిడ్నీని దెబ్బతీస్తాయి. దగ్గుకని క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటే రక్తంలో టాక్రోలిమస్ ఎక్కువైపోతుంది. విరేచనాలు పట్టుకున్నా అదే జరగొచ్చు. జబ్బుగా ఉంది కదా అని ట్రాన్స్‌ప్లాంట్ మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు. తగ్గించాలో వద్దో డాక్టర్లు చూసుకుంటారు. మాత్ర వేసుకున్న వెంటనే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా అని కూడా వాళ్లనే అడుగు.

ఇక టీకా. ఏటా వేయించుకోవాలి, అదీ ఇంజెక్షన్‌గా ఇచ్చేదే. ముక్కులో స్ప్రే చేసేదాంట్లో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది, అది నీకు పనికిరాదు. ఆపరేషన్ అయిన కొత్తలో మందుల డోసు ఎక్కువ కాబట్టి టీకా అంతగా పట్టదు. అందుకే సాధారణంగా 3 నెలలు ఆగుతారు, ఫ్లూ బాగా వ్యాపిస్తుంటే 1 నెలకే వేస్తారు. హై డోస్ టీకా దొరుకుతుందేమో కనుక్కో. టీకా వేయించుకుంటే కిడ్నీ రిజెక్ట్ అవుతుందని ఎవరైనా టెన్షన్ పెడితే నమ్మకు. అలా జరుగుతుందని అధ్యయనాల్లో తేలలేదు.

అయినా టీకా నీకు ఇచ్చే రక్షణ మిగతావాళ్లకు ఇచ్చినంత ఉండదు. ఆ లోటు ఇంట్లోవాళ్లు పూడ్చాలి. మీ ఆయనకూ, పిల్లలకూ కూడా టీకా వేయించు. అది పనిచేయడానికి దాదాపు 2 వారాలు పడుతుంది, సీజన్ రాకముందే అయిపోవాలి. వాళ్లలో ఎవరికైనా ఫ్లూ వస్తే వాళ్లను వేరే గదిలో పడుకోబెట్టి, నీకు లక్షణాలు లేకపోయినా టీమ్‌కి చెప్పు. ముందుజాగ్రత్తగా ఒసెల్టమివిర్ ఇస్తారేమో వాళ్లు నిర్ణయిస్తారు.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు రెండు విషయాలు అడిగి రా: టీకా ఎప్పుడు వేయించుకోవాలి, ఆదివారాలూ రాత్రుళ్లూ ఏ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబర్ మీ ఆయన ఫోన్‌లో కూడా ఉండాలి.

మీ పెద్దమ్మ